గొట్టం దాటాక ఎడమచేతికి

సంచీ సర్దడం అది మూడోసారి. రెండు నైటీలు, తువ్వాళ్ళు, పుట్టబోయే బిడ్డ కోసం ఉతికి ఆరేసిన మెత్తటి పాత గుడ్డలు, వేలెడంత మేజోళ్ళు, ఫ్లాస్కు, దువ్వెన, సబ్బు, డాక్టరమ్మ చీటీలన్నీ ఒక ప్లాస్టిక్ కవర్లో. పెద్దావిడ అన్నింటినీ మంచం మీద పరిచి, కాసేపు వాటివంక చూసి, మళ్ళీ ఒక్కొక్కటే లోపల పెట్టింది. జిప్పు సగం దాకా వచ్చి మొరాయించింది. కొవ్వొత్తి ముక్క రుద్ది లాగితే కదిలింది.

"ఆ సంచీకే ముందు నొప్పులొచ్చేట్టున్నాయి అత్తయ్యా," అంది కోడలు, గోడకు వీపానించి కూర్చుని. "ఇంకా టైముందని డాక్టరమ్మ చెప్పింది కదా."

"డాక్టరమ్మని అడిగి వస్తాయా అవి? నువ్వు ఊరుకో."

బయట వాన. నిన్న మధ్యాహ్నం మొదలైంది, ఊపిరి తీసుకోవడానికన్నట్టు కాసేపు ఆగడం, మళ్ళీ అందుకోవడం. పెద్దావిడకు ఎవరి ప్రయాణమైనా గుండెదడే. పక్కవీధికి ఉప్పు పొట్లానికి వెళ్ళే మనిషినైనా మలుపు తిరిగేదాకా గుమ్మంలో నిలబడి చూస్తుంది. కొడుకు లారీ తీసుకుని బయల్దేరిన ప్రతిసారీ, బండి చప్పుడు వినిపించినంతసేపూ చేతిలో పని ఆపేస్తుంది. ఆ గురువారం వాడు ఊళ్ళో లేడు. సరుకు దించి, దారులు తెరిస్తే రేపటికి చేరతానని పొద్దున ఫోను చేశాడు. ఇంట్లో మగదిక్కు ఆవిడ భర్త ఒక్కడే.

ఆయనది సైకిలు షాపు. షాపు మూతపడి చాలాకాలమైనా ఊళ్ళో ఇప్పటికీ సైకిలు షాపాయనే. వెనకాల మాత్రం గెజెట్టు అంటారు. ఎవరైనా కొత్తవాళ్ళు ఇల్లు కట్టుకుని దిగితే, ఆయన వెళ్ళి వాళ్ళ పునాది కింద ఒకప్పుడు ఏముండేదో చెప్పి వస్తాడు. "మీ వంటిల్లున్నచోట నేను ఈత నేర్చుకున్నానండీ," అంటాడు సంబరంగా. అవతలివాళ్ళ మొహంలో నెత్తురు ఇంకిపోతుంది.

ఆయన చెప్పేదాంట్లో అబద్ధం లేదు. నగరానికి తోకలా అతుక్కుని ఉన్న ఊరు అది. నగరంలో మేడలు లేచిన రోజుల్లో ఇటుకంతా ఇక్కడే కాల్చారు. బట్టీలు నేలను తవ్వుకుంటూ పోయాయి, తవ్వినచోటల్లా గుంటలు పడ్డాయి, గుంటల్లో నీళ్ళు నిలిచాయి. "వాళ్ళు పైకి లేచినంతా మనం కిందికి దిగాం," అనేవాడాయన. తర్వాత మట్టి అయిపోయింది, బట్టీలు ఆరిపోయాయి. గుంటల్ని నగరం చెత్తతోనే పూడ్చి, పైన ఎర్రమట్టి పరిచి, ప్లాట్లు వేసి, మళ్ళీ నగరం వాళ్ళకే అమ్మారు. ఊరి నడుమ నుంచి రైలుకట్ట పోతుంది. కట్టకు ఇవతల ఇళ్ళు, అవతల బస్టాండు, ఆస్పత్రికి పోయే పెద్దరోడ్డు. రెంటినీ కలుపుతూ ఒక రైలుగేటు ఉండేది. గేటు పడితే తొందరగా లేచేది కాదు, అందుకే దాని చుట్టూ ఒక బజారు పుట్టింది. టీ కొట్టు, మంగలి, పళ్ళబండ్లు, ఆయన సైకిలు షాపు. గేటు దగ్గర ఆగి, టైర్లలో గాలి కొట్టించుకుంటూ జనం కబుర్లాడుకునేవాళ్ళు. ఎన్నో పెళ్ళిళ్ళు ఆ గేటు దగ్గరే కుదిరాయి. ఆయన పెళ్ళి కూడా. పెద్దావిడ మేనమామ, గూడ్సు ఎంతకీ పోక, విసుగెత్తి, గాలికొట్టే కుర్రాడి వివరాలడిగాడు.

తర్వాత గేటు తీసేసి, కట్ట కింద అండర్ బ్రిడ్జి తవ్వారు. తవ్వింది పాత వాగు పారినచోటే. వాన పడితే వాగు తన దారి వెతుక్కుంటూ అందులోకి వచ్చి కూర్చుంటుంది. బళ్ళు చుట్టు తిరిగి, ఊరి చివర పై వంతెన మీదుగా పోవాలి. మనుషులు మాత్రం ఎప్పట్లాగే కట్ట ఎక్కి పట్టాలు దాటతారు. ఆ చోటును ఇప్పటికీ గేటు అనే అంటారు.

ఒక్క గేటే కాదు, ఆ ఊళ్ళో పోయినదేదీ మాటల్లోంచి పోలేదు. ఇటుకబట్టీ పొగగొట్టాన్ని కూల్చేసిన రోజు ఊరంతా వెళ్ళి చూసింది. మర్నాడు మళ్ళీ "గొట్టం దాటాక ఎడమచేతికి తిరుగు" అనే దారి చెప్పుకున్నారు. సినిమా హాలు ఇప్పుడు టైల్సు గోడౌను. పిడుగు పడి పోయిన తుమ్మచెట్టు పేరు మీద ఇంకా ఒక మలుపుంది. కోడలు కాపరానికొచ్చిన కొత్తలో మందుల షాపు వెతుక్కుంటూ సినిమా హాలు కోసం ఎండలో తిరిగి తిరిగి, ఏడుపు మొహంతో ఇల్లు చేరింది. "ఈ ఊళ్ళో దారి కనుక్కోవాలంటే ముందు చచ్చిపోయి దయ్యమవ్వాలి మామయ్యా, అప్పుడుగానీ అవన్నీ కనిపించవు," అని ఆ పిల్ల అన్నమాట చెప్పుకుని ఆయన వారం రోజులు నవ్వాడు.

టీ పెట్టమని ఆయన కేకేసిన వేళకే కోడలు మంచం మీంచి లేవబోయి, లేవలేక, అత్తగారి చెయ్యి పట్టుకుంది.

"అత్తయ్యా, తడిసిపోయింది."

ఉమ్మనీరు. పెద్దావిడ ఆ పిల్లను మళ్ళీ పడుకోబెట్టి, గోడమీద చేత్తో బాదింది. ఆ గోడకు అవతల టైలరమ్మ ఉంటుంది. బాదితే చాలు, కుట్టుమిషను ఆపి వచ్చేస్తుంది. మెళ్ళో టేపుతోనే వచ్చింది. వచ్చీ రాగానే కోడలి పొట్టమీద చెయ్యివేసి చూసి, "అక్కయ్యగారూ, ఆటోలో కుదరదు. అంబులెన్సుకి చెయ్యండి," అంది మెల్లిగా. మొదటి కాన్పని, బిడ్డ అడ్డం తిరిగి ఉందని, నొప్పులు మొదలైతే ఒక్క నిమిషం కూడా ఇంట్లో ఉంచొద్దని డాక్టరమ్మ చెప్పిన సంగతి ముగ్గురికీ తెలుసు. ఆపరేషను తప్పదంది. ఇంట్లోనే మొదలైపోతే తల్లీ దక్కదు, బిడ్డా దక్కదు అని కూడా అంది.

కోడలే ఫోను చేసింది. నొప్పి వచ్చినప్పుడు ఆగుతూ, పోయినప్పుడు మాట్లాడుతూ ఇంటి గుర్తు ఫోన్లోంచే పంపింది. కాసేపటికి డ్రైవరు తిరిగి చేశాడు. నగరంనించి వస్తున్నాడు, ఈ ఊరు ఎరగడు.

"అమ్మా, మీరు పంపిన గుర్తు చెరువు మధ్యలో చూపిస్తోందండి."

"చెరువు కాదండీ, పూడ్చేశారు, ఇప్పుడు ఇళ్ళు," అంది కోడలు. అంతలో నొప్పి అందుకుంది. ఫోను మామగారి చేతికొచ్చింది. తన ఫోను రాత్రినుంచీ కరెంటు లేక చచ్చి పడుంది, ఉన్నది అదొక్కటే.

"ఇదిగో నాయనా, ఏం కంగారుపడకు," అన్నాడాయన, జన్మంతా దారులు చెప్పిన మనిషి. "బస్టాండు దాటి తిన్నగా రా. గొట్టం దాటాక ఎడమచేతికి తిరుగు. తుమ్మచెట్టు మలుపులో..."

"గొట్టమేంటండీ?"

"బట్టీ గొట్టమయ్యా! అంత ఎత్తున..." అని ఆగిపోయాడు. మంచం మీది కోడలు, మంచం పక్కన టైలరమ్మ, కాళ్ళ దగ్గర పెద్దావిడ, ముగ్గురూ ఆయనవంకే చూస్తున్నారు.

"సరే, గొట్టం వద్దు. సినిమా హాలు తెలుసా?"

"మామయ్యా!" అంది కోడలు, పళ్ళ బిగువున.

"నేను ఎడమచేతికే తిరిగానండీ," అంటున్నాడు డ్రైవరు. "కింద వంతెనలో నీళ్ళున్నాయి, బండి దిగదు. వెనక్కి తిప్పాను. ఇప్పుడెక్కడున్నానో నాకే తెలీట్లేదు."

"నీ పక్కన ఏముందో చెప్పు."

"జిరాక్సు షాపుంది. ఎదురుగా పెద్ద అపార్టుమెంట్లు, నల్లగేటు."

"అదే కదయ్యా గొట్టం!" ఆయన గొంతు ఇల్లంతా మోగింది. "నువ్వు గొట్టం మొదట్లోనే ఉన్నావు. అక్కణ్ణించి కదలకు. అడుగు కదిపావంటే నా మీద ఒట్టే. నేనొస్తున్నా."

తనైనా అర్థమయ్యేలా చెబుదామని పెద్దావిడ ఫోను అందుకోబోయింది. లైను తెగిపోయింది. మళ్ళీ చేస్తే కలవలేదు. వానకు ఆ ఊళ్ళో మొదట పోయేది కరెంటు, రెండోది ఇదే.

"పై వంతెన దారి చెబితే అయిపోయేది కదండీ," అంది.

"ఏమని చెప్పను? గోలీసోడా కంపెనీ దగ్గర తిరగమనా? అది పోయి ఎన్నేళ్ళయింది? ఇప్పుడక్కడేముందో నేను కళ్ళతో చూసి చెప్పాలి." కండువా తలకు చుట్టుకుంటున్నాడు. "నాకు కొత్తవేవీ గుర్తుండట్లేదే. అదీ సంగతి."

ఎప్పుడూ అనని మాట అది. పెద్దావిడ గొడుగు తెచ్చిచ్చింది. ఫోను కోడలి దగ్గరే ఉంచి, డ్రైవరు మళ్ళీ చేస్తే కదలొద్దని చెప్పమన్నాడు.

"కట్ట మీంచే వెళ్ళండి. కిందికి దిగకండి."

"నువ్వు నాకు గేటు దాటడం నేర్పుతావా?" అన్నాడు, చెప్పులు వేసుకుంటూ. గుమ్మంలో నిలబడి మలుపు దాకా చూద్దామనుకుంది. లోపల్నించి కోడలు అరిచిన అరుపుకు, ఆయన వీధిలోకి దిగకముందే వెనక్కి తిరగాల్సి వచ్చింది.

ఆ తర్వాత ఎంతసేపు గడిచిందో ఆవిడకు తెలియదు. నొప్పికీ నొప్పికీ మధ్య ఎడం తగ్గిపోతోంది. టైలరమ్మ ఆ పిల్ల నడుం రాస్తూ, "ఊపిరి వదులు, బిగబట్టకు, నా బంగారం కదూ, వదులు," అంటోంది. కోడలి పెదాలు తెల్లబడ్డాయి.

"అత్తయ్యా, నేను వెళ్ళి రానేమో."

"నోర్ముయ్. ఏం మాటలవి?" అంది పెద్దావిడ. మరుక్షణం ఆ పిల్ల తల ఒళ్ళోకి తీసుకుంది. "వస్తావు. ఇద్దరూ వస్తారు. నేను తీసుకొస్తాను."

"బావగారు దారిలో ఎవరో కనిపిస్తే వాళ్ళ తాతముత్తాతల చరిత్ర చెబుతున్నట్టున్నారు," అంది టైలరమ్మ. కోడలి మొహంలో నవ్వులాంటిది వచ్చి పోయింది. పెద్దావిడకు రాలేదు. ఆవిడ చెవులు వీధిలో ఉన్నాయి.

అంబులెన్సు కూత ముందు దూరంగా వినిపించింది. పోయింది. మళ్ళీ వినిపించింది, ఈసారి సందు మొదట్లో. టైలరమ్మ వానలోకి పరుగెత్తి చెయ్యి ఊపింది. బండి వెనక్కి వెనక్కి వచ్చి గుమ్మం ముందు ఆగింది. తెల్లకోటు నర్సు దిగింది, డ్రైవరు దిగాడు. పెద్దావిడ వాళ్ళ వెనకాల చూసింది.

"ఆయనేరీ?"

"పెద్దాయనా? బండెక్కమంటే ఎక్కలేదండీ," అన్నాడు డ్రైవరు, స్ట్రెచరు లాగుతూ. "గొప్పాయనండీ బాబూ. మా ముందు నడుచుకుంటూ పెద్దరోడ్డు మలుపు దాకా వచ్చి, ఇదిగో నీలం ట్యాంకు, ఇదిగో ఇనుప షాపు, ఇదిగో గుండ్రటి మేడ, అని ఒక్కొక్కటే వేలుపెట్టి చూపించారు. ఒకటికి రెండుసార్లు నాచేత చెప్పించారు. నడుం దాకా బురదండి. పురిటికెళ్ళే బండిలో బురదకాళ్ళు పెట్టనన్నారు. మీరు చుట్టు తిరిగొచ్చేలోపు నేను గేటు దాటి ఇంట్లో ఉంటాను, తలుపు తీసేది నేనే చూసుకో, అన్నారు."

తలుపు తీసింది టైలరమ్మ.

"ఎంతసేపైంది?" అంది పెద్దావిడ.

"మేం పై వంతెన ఎక్కి దిగి, ఇక్కడ రెండు సందులు తప్పి వచ్చామండీ. ఆయన రావాలే ఈపాటికి."

కోడలిని బండెక్కించారు. నర్సు నాడి చూసి తల ఎత్తింది. "ఎవరో ఒకరు ఎక్కండి. ఇంక ఆగడానికి లేదు."

పెద్దావిడ ఒక కాలు గుమ్మంలో, ఒక కాలు బండి మెట్టుమీద పెట్టి నిలబడిపోయింది. వీధి చివర వానలో ఎవరూ లేరు. ఒక్కసారి గేటు దాకా వెళ్ళి చూసి వస్తే. ఒక్క అయిదు నిమిషాలు. లోపల్నించి కోడలి చెయ్యి బండి అంచు మీద వెతుక్కుంటోంది, పట్టుకోవడానికి ఏదీ దొరక్క.

"ఎక్కండి అక్కయ్యగారూ," అని టైలరమ్మ ఆవిడ్ని భుజం పట్టుకుని ఎక్కించినంత పని చేసింది. "బావగారికి పొడిబట్టలిచ్చి, టీ పోసి, నాలుగు తిట్టి, మీ వెనకాలే పంపిస్తాను. నా ఫోన్లో కాస్త చార్జి ఉంది. లైను కలిసిందంటే చేస్తాను."

తలుపు పడింది. పెద్దావిడ పక్కన కూర్చుని, ఆ పిల్ల చెయ్యి రెండు చేతుల్లోకీ తీసుకుంది. బండి పై వంతెన ఎక్కినప్పుడు, తుడిచినకొద్దీ మసకబారుతున్న అద్దంలోంచి ఊరు కనిపించింది. ఒక పక్క గుంటల మీది ఇళ్ళు, ఒక పక్క బస్టాండు, మధ్యలో కట్ట. కట్టమీద ఒక గూడ్సు రైలు ఆగిపోయి ఉంది. ఈ కొసనించి ఆ కొస దాకా గోధుమరంగు పెట్టెలు, కదలిక లేదు.

ఆవిడ ప్రాణం లేచి వచ్చింది. అదీ సంగతి. గూడ్సు అడ్డంగా పడింది, ఆయన దాటలేక అవతలే నిలబడ్డాడు. టీ కొట్టు పంచన నిలబడి రైల్వేవాళ్ళని తిడుతూ ఉంటాడు. "మీ మామయ్య రైలు దగ్గర ఇరుక్కుపోయార్రా," అని కోడలికి చెప్పింది. ఆ పిల్ల వినే స్థితిలో లేదు.

ఆస్పత్రిలో స్ట్రెచరును చక్రాల చప్పుడుతో లాక్కుపోయారు. సంతకం పెట్టమంటే పెట్టింది. బల్లమీద కూర్చోమంటే కూర్చుంది. వెంట తెచ్చిన కోడలి ఫోనులో సిగ్నలు గీతలు కనిపించగానే టైలరమ్మకు చేసింది.

"వచ్చారా?"

"ఇంకా లేదక్కా. గూడ్సు కదల్లేదంట. మీ పక్క ఎలా ఉంది?"

"లోపలికి తీసుకెళ్ళారు."

కాసేపాగి మళ్ళీ చేసింది. "వచ్చారా?"

"గూడ్సు ఇంకా అక్కడే ఉందంటున్నారు."

ఆ గూడ్సు ఎంతసేపుంటే అంత మంచిదనిపించింది పెద్దావిడకు. అది అక్కడున్నంతవరకూ ఆయన ఎక్కడున్నాడో తనకు తెలుసు. లోపల ఏమవుతోందో తెలియదు. తలుపు మీది ఎర్రదీపం వంక చూస్తూ, ఆ పిల్ల మొహం, ఆ చల్లటి వేళ్ళు తల్చుకుంటూ కూర్చుంది. ఆ పిల్ల తల్లికి ఏం చెప్పాలో, తన కొడుక్కి ఏం చెప్పాలో మాటలు కూడబలుక్కుంది. మంచి మాట ఒక్కటీ దొరకలేదు.

ఎర్రదీపం ఆరింది. నర్సు బయటికొచ్చింది.

"ఆడపిల్ల. కాస్త ఆలస్యమై ఉంటే చెప్పలేకపోయేవాళ్ళం. తల్లికి ఫరవాలేదు. రక్తం ఎక్కిస్తున్నాం."

గుడ్డలో చుట్టిన ఎర్రటి మొహం. ముక్కు అచ్చంగా ఆయనదే, వెడల్పుగా. పెద్దావిడ ఏడవబోయి, ముందు ఫోను నొక్కింది.

"ఆడపిల్లే! ఇద్దరూ క్షేమం. ఆయనకివ్వు, నేనే చెబుతాను."

బిడ్డ ఏడుపు అవతలికి వినపడేలా ఫోను దగ్గరగా పట్టింది.

"ఇవ్వవే."

"అక్కా," అంది టైలరమ్మ. "గూడ్సు వెళ్ళి చాలాసేపైంది."

తర్వాతి సంగతులు ఆవిడకు ముక్కలుముక్కలుగా చేరాయి. కట్టకు అవతల టీ కొట్టతను చెప్పాడు. సైకిలు షాపాయన పరుగులాంటి నడకతో వచ్చి, ఆగిపోయిన గూడ్సు చూసి నెత్తి కొట్టుకున్నాడు. పెట్టెల కిందినుంచి దూరబోతే టీ కొట్టతనే కేకేశాడు, "కదిలితే ముక్కలైపోతావు పెద్దాయనా!" అని. ఆయన వెనక్కి తగ్గాడు. అటూ ఇటూ తిరిగాడు. టీ ఇస్తే తాగలేదు. "తలుపు నేను తీస్తానని చెప్పానయ్యా, అవతల పిల్ల ఎలా ఉందో," అన్నాడు. వాన కాస్త తెరిపిచ్చింది. అండర్ బ్రిడ్జి గోడవారన, రోడ్డుకంటే ఎత్తుగా, మనుషులు నడిచే గట్టు ఉంది. నీళ్ళు దానిమీద మోకాలెత్తు ఉంటాయంతే. ఆయన పంచె ఎగ్గట్టాడు.

"వద్దు బాబాయ్," అన్నాడు టీ కొట్టతను.

"నలభై ఏళ్ళు ఇక్కడే గాలి కొట్టానోయ్. కళ్ళు మూసుకుని దాటతాను," అని దిగాడు.

ఆయనకు తెలిసింది గేటు. గట్టు చివర, నీళ్ళు తొందరగా పోవాలని పొద్దున పనివాళ్ళు కాలవ మీది మూత తీసి పక్కన పెట్టిన సంగతి తెలియదు. గేటు రోజుల్లో అక్కడ కాలవే లేదు.

శుక్రవారం ఇంజన్లు పెట్టి నీళ్ళు తోడారు. కొడుకు లారీ ఎక్కడో వదిలేసి, బస్సులు మారి వచ్చి, ఆ గట్టుమీదే కూర్చున్నాడు. మధ్యాహ్నానికి, పాత వాగు గుంటల్లో కలిసేచోట, ఇప్పుడు పార్కు గోడ ఉన్నచోట, ఆయన దొరికాడు. పోలీసులు అటునుంచటే పెద్దాస్పత్రికి తీసుకెళ్ళారు. అక్కణ్ణించి అటే శ్మశానానికి. ఆ నీళ్ళలో అంతసేపున్న మనిషిని ఇంటికి తేవద్దన్నారు డాక్టర్లు.

కోడలు, బిడ్డ ఆ తర్వాతి గురువారం అదే పై వంతెన మీదుగా ఇంటికొచ్చారు. తలుపు కొడుకు తీశాడు. పెద్దావిడ బిడ్డనెత్తుకుని గుమ్మం దాటింది.

సైకిలు షాపాయన వారం ముందు, గురువారం సాయంత్రం, ఆ ఇంట్లోంచి వెళ్ళాడు. తిరిగి రాలేదు.